తమ్ముడి సంతకం కోసం అయిదు వారాలు: హేబియస్ పిటిషన్‌తో నా అనుభవం

మా తమ్ముడు మొన్న మంగళవారం రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చాడు. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ నిర్బంధ కేంద్రంలో ఉన్నది 509 రోజులు. వాడి బట్టల సంచి ఇంకా హాల్లోనే ఉంది. ఇప్పుడే రాయకపోతే కోపం చల్లారిపోయి మర్యాదగా రాసేస్తానేమోనని కూర్చున్నాను.

వాడికి గ్రీన్ కార్డు ఉంది. చదువుకునే రోజుల్లో ఒకసారి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ ఒకసారి, సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చెయ్యకుండా బయటికొచ్చి దొరికిపోయాడు. రెండుసార్లూ లాయర్లు "చిన్న కేసు, ఒప్పేసుకుని ఫైన్ కట్టెయ్" అన్నారు. కట్టేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. క్రిమినల్ కోర్టుకి అది చిన్నదే కావచ్చు. ఇమ్మిగ్రేషన్ చట్టం మాత్రం దొంగతనాన్ని నీతి తప్పిన నేరాల్లో వేస్తుంది. అలాంటివి రెండుంటే గ్రీన్ కార్డున్నా డిపోర్టేషన్ కేసు పెట్టొచ్చు. పైగా ఆ చట్టంలోని సెక్షన్ 236 సి కింద లోపల వేస్తే బాండ్ (పూచీగా డబ్బు కట్టి విడుదలవడం) అడిగే హక్కు కూడా ఉండదు. క్లయింటుకి డిపోర్టేషన్ ముప్పుంటే క్రిమినల్ లాయరు ముందే చెప్పాలని సుప్రీంకోర్టు 2010లోనే తీర్పిచ్చింది. మావాడికి దొరికిన వాళ్లకి ఆ తీర్పు కబురు అందినట్టు లేదు. మనవాళ్లకీ ఒక మాట. పరువు పోతుందని ఇలాంటివి దాచిపెడతారు చూడండి, ఆ దాచడమే కొంప ముంచుతుంది. వాడు నాకు చెప్పి ఉంటే ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగేవాళ్లం.

ఏడో నెలలో ఇమ్మిగ్రేషన్ జడ్జి దగ్గర కేసు గెలిచాం. ఇంతకాలంగా ఇక్కడే ఉన్నాడు, పన్నులు కట్టాడు, తప్పు తెలుసుకున్నాడని డిపోర్టేషన్ రద్దు చేశారు. అమ్మ పాయసం కూడా వండింది. మర్నాడు తెలిసింది, ప్రభుత్వం అప్పీలుకి వెళ్తోందని, అది తేలేదాకా వీడు లోపలే అని. గెలిచినవాణ్ని లోపల ఉంచడమేమిటని అడిగితే మా లాయరు "ఓపిక పట్టండి, ఇది మామూలే" అన్నారు. ఆ మాట నాలుగు నెలలు విన్నాను. ఫెడరల్ కోర్టుకి వెళ్దామంటే విడిగా తొమ్మిది వేల డాలర్లన్నారు.

అప్పుడు నేనే చదవడం మొదలుపెట్టాను. ఇమ్మిగ్రేషన్ జడ్జి న్యాయశాఖ ఉద్యోగి. మనిషిని నిర్బంధించడం సరైనదేనా అని కోర్టుని అడిగే హేబియస్ కార్పస్ పిటిషన్ వినేది ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి. ఈయన ముందు డిపోర్టేషన్ తప్పా ఒప్పా అన్న వాదన ఉండదు, ఈ నిర్బంధం చట్టానికీ రాజ్యాంగానికీ లోబడి ఉందా అన్నదే. ఫీజు అయిదు డాలర్లు. మామూలు సివిల్ కేసుకి 405. అయిదుకీ తొమ్మిది వేలకీ మధ్య ఏముందో చూద్దామనుకున్నాను. అదే నేను చేసిన తెలివైన పని, అదే తెలివితక్కువ పని కూడా.

మేముండేది న్యూజెర్సీ, వాడున్నది పెన్సిల్వేనియాలో, నాలుగు గంటల డ్రైవ్. మనిషిని ఎక్కడ ఉంచారో ఆ జిల్లా కోర్టులోనే వెయ్యాలి, ప్రతివాదిగా అక్కడి వార్డెన్‌ని పెట్టాలి. 2004లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. పెన్సిల్వేనియాలో ఫెడరల్ జిల్లాలు మూడు. సెంటర్ ఏ కౌంటీలో ఉందో చూసి జిల్లా తేల్చుకుని, హేబియస్ పిటిషన్‌కి వాడే ఏఓ 242 ఫారం నింపి, కింద వాడి తరఫున "నెక్స్ట్ ఫ్రెండ్" (తను వెయ్యలేని మనిషి కోసం కేసు వేసేవాడు) అని నేనే సంతకం పెట్టి పంపాను. 340వ రోజు.

రెండు వారాలకి ఆర్డర్ వచ్చింది. మీరు లాయరు కాదు, మీ తమ్ముడు తన పిటిషన్ మీద తనే ఎందుకు సంతకం పెట్టలేడో మీరు చెప్పలేదు, 45 రోజుల్లో ఆయన సంతకంతో సవరించి వెయ్యండి, లేకపోతే కొట్టేస్తాం. ఒక్క సంతకమే కదా అనుకున్నాను.

సంతకం కోసం తమ్ముడికి పంపిన మొదటి కవరు వెనక్కొచ్చింది. మీద అంటించిన పసుపు చీటీలో "స్టేపుల్" అన్న గడిలో టిక్కు. పిన్ను తీసి మళ్లీ పంపాను. ఈసారి తిరుగు టపా కోసం లోపల పెట్టిన పోస్టల్ స్టాంపులు తప్పయ్యాయి. లాయరు పంపితే లీగల్ మెయిల్, అన్న పంపితే మామూలు ఉత్తరం. మూడోది లోపలికి వెళ్లింది. ఈలోగా నా బుర్రలో ఇంకో పురుగు దూరింది: కోర్టుకి వెళ్లే కాగితం, నోటరీ లేకుండా చెల్లుతుందా?

నాకీ భయం ఎవరూ పెట్టలేదు. గుండ్రటి ముద్ర లేనిదే కాగితానికి ప్రాణం రాదన్న నమ్మకంలో పెరిగినవాణ్ని. బ్యాంకు నోటరీ మనిషి ఎదురుగా ఉండాలన్నాడు. ఆన్‌లైన్ నోటరీకి కెమెరా కావాలి, ఐడీ కావాలి. మావాడి ఐడీలన్నీ పట్టుకున్నవాళ్ల దగ్గరే ఉన్నాయి. లోపల నోటరీ చేసే అధికారి ఉన్నాడని తెలిసి తమ్ముడు అర్జీ చీటీ పెట్టాడు. ఆయన సెలవులో ఉన్నాడు. ఆఖరికి ఇంటికొచ్చి చేసే నోటరీ ఒకాయనకి 180 డాలర్లిచ్చి కారులో ఎక్కించుకుని నాలుగు గంటలు వెళ్లాను. గేటు దగ్గర ఆయన పేరు అనుమతి జాబితాలో లేదన్నారు. కిటికీ వెనకున్న ఆఫీసరు నన్ను చూసి, క్యూ అంతా వినేలా అడిగింది: "సర్, మీరు లాయరా?"

"కాదు."

"మరి ప్రతివారం కాగితాలెందుకు తెస్తున్నారు?"

వెనక పాతికమంది ఉన్నారు. ఇరవై మందికి పని చెప్పే ఉద్యోగం నాది. ఆ ప్రశ్నకి జవాబు దొరక్క ఫైలు చంకలో పెట్టుకుని పక్కకి తప్పుకున్నాను. నోటరీ ఆయన తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలూ నిద్రపోయాడు.

తర్వాతి ఆదివారం అదే క్యూలో నా ముందు ఒక పెద్దావిడ ఉంది. స్పానిష్ తప్ప రాదు. నా చేతిలో ఫారం చూసి నవ్వి, తన సంచిలోంచి అచ్చం అలాంటిదే తీసింది, మనవడిది. మొత్తం పెన్సిల్‌తో చేత్తో రాశాడు, ఆఖరి సంతకం ఒక్కటే పెన్నుతో. నేను "నోటరీ?" అన్నాను. ఆవిడ వేలు తడి చేసుకుని చివరి పేజీ తిప్పి, అడుగున ఉన్న గడి మీద గోటితో రెండుసార్లు కొట్టింది. "నో నోటారియో."

ఆ గడిలో ఉన్నదేమిటంటే, ఇందులో రాసింది నిజం, అబద్ధమైతే శిక్షకు బాధ్యుణ్ని అన్న ప్రమాణం. కింద తేదీ, సంతకం. ఫెడరల్ చట్టం సెక్షన్ 1746 ప్రకారం అది చాలు. నోటరీ అక్కర్లేదు. ఆ ఫారం నేను కనీసం ముప్పైసార్లు చదివి ఉంటాను. ఆ మనవడు లోపలున్న లా లైబ్రరీలో ఫారం తీసుకుని, తనే రాసి, తనే సంతకం పెట్టి పంపేశాడు. మా తమ్ముడు మూడు నెలల కిందటే "అన్నయ్యా, ఇక్కడ లైబ్రరీలో ఫారాలున్నాయి, నేను రాయనా?" అని అడిగాడు. "నీకు తెలీదు, నేను చూసుకుంటా" అన్నాను. ఆ రోజు అద్దం ఇటువైపు ఫోన్ పట్టుకుని ఈ సంగతి వాడికి చెబితే, వాడు అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. లోపలికి వెళ్లాక వాడు నవ్వడం అదే మొదటిసారి చూశాను. అయిదు వారాలు అలా పోయాయి.

తమ్ముడి సంతకంతో పిటిషన్ వెళ్లాక మిగతాది సాఫీగానే నడిచింది. ఒక భయం మాత్రం ఉండేది, వేరే రాష్ట్రానికి మార్చేస్తారేమోనని. సరైన జిల్లాలో పిటిషన్ పడ్డాక మనిషిని మార్చినా ఆ కోర్టు అధికారం పోదు. జపాన్ మూలాలున్న ఎండో అనే అమెరికన్ యువతి రెండో ప్రపంచ యుద్ధకాలపు నిర్బంధ శిబిరంలో ఉండగా వేసిన కేసులో 1944లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. అందుకే తొందరగా వెయ్యమంటాను.

ప్రభుత్వం జవాబుకి గడువు అడిగింది, ఇచ్చారు. చట్టంలో మూడు రోజులని, కారణముంటే ఇరవై అని రాసి ఉంటుంది. నమ్మి క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోకండి. వాళ్ల జవాబు నిండా 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన డిమోర్ తీర్పే. బాండ్ లేని ఈ నిర్బంధం కొద్దికాలమే కాబట్టి చెల్లుతుందని అందులో అన్నారు, అప్పీలుకి వెళ్లిన కేసుల్లో కూడా సుమారు అయిదు నెలలేనన్న ప్రభుత్వ లెక్కల మీద. ఆ లెక్క తప్పు, అసలు సగటు 382 రోజులని 2016లో ప్రభుత్వమే సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసుకుంది. మా సమాధానంలో మొదటి పేరా అదే పెట్టాం. ఆరు నెలలకోసారి బాండ్ విచారణ అన్నది చట్టంలో లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఇప్పుడు ఏ సర్క్యూట్‌లో (ఫెడరల్ అప్పీలు కోర్టు పరిధిలో) ఉన్నారన్నదే ముఖ్యం. పెన్సిల్వేనియా మూడో సర్క్యూట్ కిందికి వస్తుంది. అక్కడ 2020 తీర్పు ప్రకారం ఎంతకాలమైంది, ఇంకెంతకాలం పట్టేలా ఉంది, ఆలస్యం ఎవరి వల్ల, లోపలి పరిస్థితి జైలులా ఉందా అని చూస్తారు.

ఆలస్యం ఎవరి వల్ల అన్నదానికి నేనొక పట్టిక చేశాను. ప్రతి వాయిదా, అడిగింది ఎవరు, ఎన్ని రోజులు. తమ్ముడు అడిగినవి మొత్తం 21 రోజులే. జడ్జి ఆర్డర్‌లో ఆ అంకె యథాతథంగా వచ్చింది. తొమ్మిది వేలడిగిన లాయరుగారికి ఆ పేజీ ఫొటో తీసి పంపాను. ఆయనింకా జవాబివ్వలేదు.

494వ రోజు ఆర్డర్: 14 రోజుల్లో బాండ్ విచారణ జరపండి, ఇతను ప్రమాదకరమనో పారిపోతాడనో స్పష్టమైన సాక్ష్యంతో రుజువు చెయ్యాల్సింది ప్రభుత్వమే. చెయ్యలేకపోయింది. బాండ్ 7,500 డాలర్లు. మేం మొత్తం కట్టాం.

అప్పీలు ఇంకా నడుస్తోంది. వాడు బయటుండి పోరాడతాడు, అంతే తేడా. పెద్దావిడ మనవడి పిటిషన్ సంగతి ఏమైందో తెలియలేదు, ఆవిడ ఫోన్ నంబరు అడగాలన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఆదివారం మళ్లీ ఆ క్యూ దగ్గరికి వెళ్లి చూస్తానని తమ్ముడితో అన్నాను. "నేనూ వస్తా అన్నయ్యా, కార్లోనే కూర్చుంటా" అన్నాడు.