ఇంటి షెడ్డులోకి ఆర్గాన్ సిలిండర్

టిగ్ వెల్డింగ్ మెషిన్ ఆర్డర్ పెడితే నేరుగా ఇంటికొచ్చేసింది. వెల్డ్‌కి గాలి తగలకుండా అడ్డుపడే ఆర్గాన్ గ్యాస్ మాత్రం అలా రాదు. విజయనగరంలో గ్రిల్స్ చేసేవాళ్ళని అడిగితే కొందరు "గాజువాక ఆటోనగర్ ఎల్లిపోండి మాస్టారూ" అన్నారు. అంత దూరం పోనక్కర్లేకుండా ఊళ్ళోనే ఆక్సిజన్, ఆర్గాన్ అమ్మే డీలరు దొరికాడు.

"కంపెనీకా, ఇంటికా?" అని అడిగి, ఇంటికే అనేసరికి ఆధార్ కాపీ ఇమ్మన్నాడు. పెద్ద సిలిండర్‌లో 7 క్యూబిక్ మీటర్ల గ్యాస్ ఉంటుంది కానీ ఒక్కడినే కదపలేను. అందుకే 10 లీటర్ల నీళ్ళు పట్టే చిన్నది తీసుకున్నా. 150 బార్ల ప్రెషర్‌కి నింపితే దాదాపు 1,500 లీటర్ల గ్యాస్. నిమిషానికి 10 లీటర్లు వదిలితే రెండున్నర గంటల వెల్డింగ్.

సొంతానికి కొనలేదు, డిపాజిట్ కట్టి అద్దెకు తెచ్చుకున్నా. సొంతదైతే అయిదేళ్ళకోసారి ప్రెషర్ టెస్ట్ చేయించడం మన నెత్తినే పడుతుంది. ఇంట్లో అప్పుడప్పుడు వాడుకునేవాళ్ళకి ఆ తలనొప్పి ఎందుకు? అద్దెదైనా టెస్ట్ తేదీ చూడాల్సిందే. సిలిండర్ మెడ దగ్గర ఇనుము మీదే కొట్టి ఉంటుంది. మొదట ఇచ్చినదానికి గడువు దాటిపోయింది. వేలితో చూపిస్తే "ఇదెవరు చూస్తారండీ" అంటూనే వేరేది తెచ్చాడు.

వాల్వ్‌కి క్యాప్ బిగించి, నిలబెట్టి తాడుతో కట్టి ఆటోలో తెచ్చాం. "పేలిపోదు కదా బాబూ?" అని ఆటో ఆయన దారంతా ఒకటే టెన్షన్. ఇంటి పక్కవాళ్ళదీ అదే ప్రశ్న. ఆర్గాన్ అంటుకోదు. కిందపడి వాల్వ్ విరిగితే మాత్రం ఆ ప్రెషర్‌కి సిలిండర్ దూసుకుపోతుంది. అందుకే గోడకి గొలుసు వేశాను.

అసలు భయం వేరే ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. ఆర్గాన్‌కి రంగు లేదు, వాసన లేదు. గాలికంటే బరువు కాబట్టి కింద పేరుకుని ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేస్తుంది. పైగా మనకి ఊపిరాడనట్టు అనిపించేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. ఆర్గాన్ పీలుస్తుంటే అది మామూలుగానే బయటికి పోతుంటుంది కాబట్టి ఉక్కిరిబిక్కిరి కూడా ఉండదు, నేరుగా స్పృహ తప్పుతుంది. వాడకంలేని నూతిలోకి దిగినవాళ్ళు, వాళ్ళని లాగబోయినవాళ్ళు కూడా పోవడం మన ఊళ్ళలో వింటుంటాం కదా, అక్కడా చాలాసార్లు కొరత ఆక్సిజన్‌దే.

మా షెడ్డు ఒకప్పుడు పశువుల శాల. తలుపు వేస్తే గాలి ఆడదు. ఫ్యాన్ పెడదామంటే ఆ గాలికి వెల్డింగ్ టార్చ్ మొన దగ్గర గ్యాస్ చెదిరిపోయి వెల్డ్ నల్లబడుతుంది. గోడ అడుగున రెండు ఇటుకలు తీయించి, తలుపు బార్లా తెరిచి, ఫ్యాన్‌ని గుమ్మంలో బయటికి తిప్పి పెట్టాక కుదిరింది.

రెగ్యులేటర్ బిగించి, జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాశాను. గొట్టం క్లిప్ దగ్గర బుడగలొచ్చాయి, ఇంకొంచెం బిగిస్తే ఆగాయి. పని అయ్యాక మెషిన్ ఆపేసి ఊరుకోను, సిలిండర్ వాల్వ్ కూడా కట్టేస్తాను. సన్నగా లీకయితే రాత్రంతా షెడ్డు నిండుతుంది, డబ్బూ పోతుంది.