తప్పు చేయనివాడికి క్షమాభిక్ష

అక్టోబర్ 1న కెనడాలోని హాలిఫాక్స్‌లో జరిగిన ఒప్పందాల దినోత్సవానికి వెళ్లివచ్చినప్పటి నుంచి అక్కడి ఆదివాసీ జాతి అయిన మిక్మాక్‌ల పెద్ద గేబ్రియల్ సిల్లిబోయ్ నా ఆలోచనల్లోంచి కదలడం లేదు. 1918లో గ్రాండ్ చీఫ్‌గా ఎన్నికైన ఆయనపై 1927లో మస్క్‌రాట్ (నీటి దగ్గర బతికే ఎలుక జాతి జంతువు) తోళ్లు దగ్గర ఉంచుకున్నారని కేసు పెట్టినప్పుడు, బ్రిటిష్ రాజుతో తమవాళ్లు 1752లో చేసుకున్న ఒప్పందమే తమకు వేట హక్కునిచ్చిందని ఆయన న్యాయస్థానంలో వాదించారు. ఒప్పందం చేసుకునే అర్హతే ఆ జాతికి లేదంటూ 1928లో న్యాయమూర్తి అప్పీలును కొట్టివేశారు. ఆ తీర్పులోని భాష ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది.

ఆయన 1964లో కన్నుమూశారు. అదే ఒప్పందం చెల్లుతుందని కెనడా సుప్రీంకోర్టు 1985లో తేల్చింది. హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా రాష్ట్ర ప్రభుత్వం మాత్రం 2017లో గానీ ఆయనకు క్షమాపణ చెప్పలేదు, దానితోపాటు క్షమాభిక్ష కూడా ప్రకటించింది. ఎవరు ఎవరిని క్షమించాలో!