తలుపు మీది చీటీ

పడుకుందామని లైటు తీయబోతే మళ్ళీ ఆ చీటీ కంటబడింది. వీధి తలుపు లోపలివైపు, గడియ పక్కనే, పెద్దదాని వంకర అక్షరాల్లో: "కీ ఆఫ్. వెళ్ళి చూసుకో." మూడు వారాలుగా అక్కడే ఉంది. నిన్నటిదాకా అది చూసినప్పుడల్లా పోన్లే, పిల్లకి బాధ్యత తెలిసింది అనుకునేదాన్ని. ఇవాళ దాని ముందు నుంచి నడవాలంటేనే ఎలాగో ఉంది.

ఇదంతా మా పెద్దమ్మాయి బండి గొడవ. పొద్దున సెల్ఫ్ కొడితే రిలే, అంటే సెల్ఫ్ మోటారుకి కరెంటు వదిలే స్విచ్, టిక్ టిక్ టిక్‌మని కొట్టుకోవడమే తప్ప ఇంజన్ తిరగదు. కిక్కా, ఈ బండికి లేదు. మొదటిసారి అలా అయినప్పుడు "రాత్రి కీ వదిలేశావు కదూ" అన్నాను. "లేదమ్మా, తీసినట్టే గుర్తు" అంది. తీసినట్టు గుర్తేమిటి, తీశావా తీయలేదా అని నేను. రెండోసారి అది మాట్లాడలేదు. మూడోసారికి చీటీ అంటించింది.

ఈలోపు కొత్త బ్యాటరీ కూడా వచ్చేసింది. అది ఈయన ఘనకార్యం. ఈయన దగ్గర బండికొచ్చే ప్రతి రోగానికీ ఒకటే మందు, బ్యాటరీ మార్చెయ్. అమ్మినవాడైనా పాతదాన్ని పరీక్షించాడా అంటే అదీ లేదు. తీసి ఇది పెట్టాడు, అంతే. పది రోజులు బాగానే నడిచింది. నడవక ఏం చేస్తుంది, నిండుగా ఛార్జ్ అయి వచ్చిన బ్యాటరీ ఉన్నదంతా ఖర్చుపెట్టుకుంటూ వచ్చింది. తర్వాత మళ్ళీ టిక్ టిక్. అప్పుడైనా నా బుర్ర వెలగాలా? వెలగలేదు. "మళ్ళీ వదిలేశావా" అన్నాను.

ఇవాళ సెలవు కదా అని మల్టీమీటర్ బయటికి తీశాను. రాత్రంతా ఛార్జర్ మీద పెట్టిన బ్యాటరీ 12.7 వోల్టులు చూపించింది. బాగుంది. స్టార్ట్ చేశాను, 12.5. రేస్ ఇస్తే పెరగాలి, 14 చుట్టుపక్కలకి రావాలి. రాలేదు సరికదా 12.4 కి దిగింది. అంటే ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ నిండడం లేదు, ఖాళీ అవుతోంది. నిమిషం పని ఇది. మీటర్ రెండు తీగలూ బ్యాటరీకి తాకించి ఎక్సలరేటర్ తిప్పడమే. ఈ నిమిషం మూడు వారాల క్రితం ఎందుకు దొరకలేదు నాకు?

తర్వాత రెండు గంటలు మాత్రం చెప్పుకుంటే సిగ్గు. కప్లర్లు, అంటే వైర్లు కలిపే ప్లాస్టిక్ అతుకులు, ఎక్కడ దాచారో కనిపెట్టడానికే సగం టైం పోయింది. సీటు తీయాలంటే పక్క ప్యానెల్ తీయాలి, ప్యానెల్‌కి మూడు రబ్బరు గుబ్బలు, అందులో ఒకటి ఎప్పుడూ విరిగే వస్తుంది! లోపల చెయ్యి దూరదు, దూరితే వేళ్ళు మడవవు. ఈయన గుమ్మంలో నిలబడి కాయిల్, అదే ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది, పోయుంటుంది అన్నారు. కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్ల కప్లర్ ఊడదీసి జంటలు జంటలుగా చూశాను, మూడూ 0.5 ఓమ్. మీటర్ తీగలు ఒకదానికొకటి తాకిస్తేనే 0.2 చూపిస్తుంది, అది తీసేస్తే 0.3. ఎర్త్‌కి ఏ వైరూ తగలడం లేదు. మీటర్ ఏసీలో పెట్టి రేస్ ఇస్తే మూడు జంటల మీదా 60 వోల్టులు దాటింది, తేడా లేకుండా. కాయిల్ బంగారం. "అయితే రెక్టిఫైయర్, నేను అనుకుంటూనే ఉన్నా" అన్నారాయన. కాయిల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చి పంపేది అది. ఎప్పుడనుకున్నారో మరి. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. ఆర్డర్ పెడదామని ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాను.

పెట్టకపోవడానికి నా తెలివేం కారణం కాదు. వైర్లు నలిగాయేమో చూద్దామని రెక్టిఫైయర్ నుంచి బ్యాటరీకి వెళ్ళే ఎర్ర వైరు వెంట చెయ్యి పోనిచ్చాను. కప్లర్ దగ్గరికి వచ్చేసరికి చురుక్కుమంది. కప్లర్ వెనక నుంచి సన్నటి గుండుసూది దూర్చి రెక్టిఫైయర్ వైపు కొలిస్తే 14.3. ఇటు బ్యాటరీ దగ్గర 12.4. మధ్యలో 1.9 వోల్టులు ఆ ఒక్క అతుకు మింగేస్తోంది. 5 ఆంపియర్లు పోతున్నాయనుకున్నా దాదాపు 10 వాట్లు, గోరంత పిన్నులో. కాలదా మరి. బ్యాటరీ తీగ తీసేసి లాగితే రాలేదు, ప్లాస్టిక్ కరిగి రెండు సగాలూ అతుక్కుపోయాయి. ప్లయర్‌తో పట్టి విరిస్తే లోపల పిన్ను తేనె రంగు దాటి నల్లబడి ఉంది. కాలిన ప్లాస్టిక్ వాసన.

ఆ వాసనకి నాన్న గుర్తొచ్చాడు. నాన్న దగ్గర మీటర్ ఉండేది కాదు. రాత్రిపూట బండిని గోడకెదురుగా నిలబెట్టి, హెడ్‌లైట్ వేసి, నన్ను గోడ పక్కన నిలబెట్టేవాడు. రేస్ ఇచ్చి "తెల్లబడిందా?" అని అరిచేవాడు. ఛార్జింగ్ ఎక్కుతుంటే వోల్టేజీ పెరిగి పసుపు వెలుతురు కాస్త తెల్లబడుతుంది. అదే ఆయన మీటర్, నేను ముల్లు. ఒక రాత్రి ఎన్నోసారో గుర్తులేదు, అప్పటికే ఏదో విప్పి మళ్ళీ బిగించాడు. పురుగులు నా మొహం మీదికొస్తున్నాయి, నిద్రకి కాళ్ళు నిలబడడం లేదు. "తెల్లబడిందా?" "తెల్లబడింది నాన్నా." తెల్లబడలేదు. పసుపచ్చగా, అలాగే, కదలకుండా ఉంది. మర్నాడు సాయంత్రం బండి నెట్టుకుంటూ వచ్చాడు, చొక్కా వీపుకి అంటుకుపోయి. నేను తలుపు చాటున ఉన్నాను. నన్ను పిలిచి అడుగుతాడనుకున్నాను. స్టాండ్ వేసి, కాసేపు గోడ వైపు చూసి, "ఈ గోడ మాసిపోయింది, దీని మీద సరిగ్గా తెలీదులే" అన్నాడు. అంతే. తెలిసే అన్నాడా, నిజంగానే గోడదే తప్పనుకున్నాడా, ఈ రోజుకీ నాకు అర్థం కాదు. అడుగుదామంటే లేడు.

ఏం చెప్తున్నాను, కప్లర్. కాలిన ముక్క కోసేసి, కొత్త పిన్నులు నొక్కి, కొత్త కప్లర్ పెట్టి, స్లీవ్ ఎక్కించాను. స్లోలో 13.5, రేస్ ఇస్తే 14.2. చాలా సంతోషం వేసింది, ఓ ఐదు నిమిషాలు.

ఎందుకంటే ఆ పాత కప్లర్‌కి రెండు సగాలనీ పట్టి ఉంచే తాళం నాలుక అరగలేదు, విరగలేదు. అది అసలు గాడిలో పడలేదు. వర్షాలకి ముందు పిల్లకి బండిలో ఫోన్ ఛార్జింగ్ సాకెట్ పెట్టింది ఎవరు? నేను. ఆ కప్లర్ ఊడదీసి మళ్ళీ పెట్టింది నేను. టక్‌మని శబ్దం రావాలి, రాలేదు, బొటనవేలు నొప్పి పుట్టింది, సీటు పడేసి వచ్చేశాను. నాకు గుర్తుంది. వదులుగా ఉన్న పిన్ను వేడెక్కి, వేడికి ఇంకా వదులై, ఇదీ వరస.

సాయంత్రం కాసేపు ఇంకోలా వాదించుకున్నాను. తప్పు కప్లర్‌దైతే అయింది, మొదటిసారి పెద్దది నిజంగానే కీ వదిలేసిందేమో, చూడని దాన్ని నేనెలా చెప్పను? అసలు చీటీ మంచిదే కదా, ఉంటే నష్టమేంటి? కానీ కీ వదిలేస్తే ఆ రాత్రికి దిగుతుంది. ఛార్జ్ పెట్టాక వారం తిరిగేలోపు మళ్ళీ దిగదు. కీ ఆఫ్ చేసి మైనస్ తీగ మధ్యలో ఆంపియర్ కూడా చూశాను, లీకేజీ ఒక మిల్లీ ఆంపియర్ కూడా లేదు. ఈ లెక్క చేతిలో ఉంచుకుని కూడా వాదించానంటే చూడండి.

రాత్రి అది వచ్చి సెల్ఫ్ కొట్టి చూసింది. ఒక్క నొక్కుకే పట్టుకుంది. "ఏమైందమ్మా బండికి?" అంటే "కప్లర్ కాలింది" అన్నాను. అబద్ధం కాదు. "హమ్మయ్య" అని లోపలికి పోయింది. పదిన్నరకి గడియ చప్పుడైంది. చెప్పులు వేసుకుని బయటికెళ్ళి, కీ చూసుకుని వచ్చి పడుకుంది.

చీటీ పీకేద్దామని ఇందాక లేచాను. నేను పీకేస్తే అది ఏమీ జరగనట్టు మాయమైపోతుంది. పెద్దదాని చేతే తీయించాలి, చెప్పాక. పొద్దున ఏడింటికి వెళ్ళిపోతుంది. ఆరుకి అలారం పెట్టాను.