చిటికెన వేలి మీద మూడు అక్షరాలు

"రేపు పది గంటలకు ఫ్యాషన్ ఉంది కదా, నేను ఓ పావుగంట ఆలస్యంగా వస్తాను."

ట్రోండ్‌హైమ్ వచ్చిన రెండో నెలలో మా టీముకి నార్వేజియన్‌లో నేను పంపిన మొట్టమొదటి మెయిలు ఇది. మీటింగ్ అని రాశాననుకున్నా. వాళ్ళ భాషలో ఆ రెండు మాటలకీ తేడా ఒక్క అక్షరమే. ఓ మీద ఏటవాలుగా గీత ఉంటే మీటింగ్, లేకపోతే ఫ్యాషన్. నవ్వేవాళ్ళు నవ్వారు. ఒకాయనైతే "ఏం వేసుకు రమ్మంటావ్?" అని తిరుగు మెయిలు కూడా పెట్టాడు.

స్పెల్లింగ్ రాక కాదు. ఆ గీత నా లాప్‌టాప్‌లో ఎక్కడుందో తెలియక. అది ఒంగోలు నుంచి నాతో వచ్చిన లాప్‌టాప్, మన దగ్గర మామూలుగా దొరికే అమెరికన్ కీబోర్డే. నార్వే వాళ్ళకి అక్షరాలు 29. మనకి తెలిసిన 26 అయ్యాక, జెడ్ తర్వాత ఇంకో మూడుంటాయి. ఎ, ఇ అతుక్కుపోయినట్టుండేది ఒకటి, గీత కొట్టిన ఓ ఒకటి, నెత్తిన చిన్న సున్నా పెట్టుకున్న ఎ ఒకటి. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే అప్పటికప్పుడు పేర్లు పెట్టేశాడు: జంట, గీత, సున్నా. ఈ పోస్టు తెలుగు లేఅవుట్‌లో (ఏ మీట కొడితే ఏ అక్షరం పడాలో చెప్పే అమరిక) కొడుతున్నాను, మాటిమాటికీ మార్చే ఓపిక లేదు, మీరూ ఆ పేర్లతోనే సరిపెట్టుకోండి.

మొదట్లో ఇవన్నీ ఎ, ఓలకి చేసిన సింగారం అనుకున్నా. పెట్టకపోతే ఏం, అర్థమైపోతుందిలే అని. సాయంత్రం క్లాసులో మా టీచరు నా పేపరు మీద అలాంటి మాటలన్నిటి చుట్టూ పెన్నుతో చుట్టి, "ఇవి స్పెల్లింగ్ తప్పులు" అంది. గీత ఉంటే తీపి, తీసేస్తే మసి. సున్నా ఉంటే జుట్టు, తీసేస్తే 'ఉంది'. అప్పుడు గుర్తొచ్చింది, వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినప్పుడు మన కల, కళ ఒకటైపోతాయి కదా. ఎవడైనా వచ్చి "ళ అంటే ల నే కొంచెం వంకర తిప్పారు, అంతేగా" అంటే ఊరుకుంటామా?

సున్నాకి ఇంకో కథ ఉంది. 1917 దాకా నార్వేలో దాని బదులు రెండు ఎలు పక్కపక్కన రాసేవాళ్ళు. ఆ ఏడు స్పెల్లింగులు మార్చినప్పుడు సున్నా వచ్చింది. డెన్మార్క్‌లో అయితే 1948 దాకా రాలేదు. కొన్ని ఇంటిపేర్లలో ఇప్పటికీ పాత రెండు ఎలే ఉన్నాయి. అలాంటి పేరు గలాయన నంబరు కోసం ఆఫీసు జాబితాలో మొదటి పేజీ అంతా గాలించాను. ఆయన జెడ్ తర్వాత, చిట్టచివర ఉన్నాడు. రెండు ఎలైనా సరే, వరుసలో సున్నాతో పాటే కూర్చోవాలట. లోఫోటెన్ దీవుల్లో ఒక ఊరి పేరే ఉత్త సున్నా, ఒక్క అక్షరం. నాన్నకి ఇది భలే నచ్చింది.

సరే, కొట్టడం సంగతి. నెట్‌లో వెతికితే మొదట దొరికేది ఆల్ట్ అంకెలు. ఆల్ట్ పట్టుకుని 0230 కొడితే జంట, 0248 గీత, 0229 సున్నా. పెద్దక్షరాలకి 0198, 0216, 0197. బట్టీ పట్టాను కూడా. కానీ అవి కుడిపక్క నంబర్ ప్యాడ్ మీదే కొట్టాలి, పై వరుసలో అంకెలు పనికిరావు. నా లాప్‌టాప్‌కి నంబర్ ప్యాడే లేదు! ఆఫీసులో ఒక కీబోర్డు అడిగి తెచ్చుకుంటే, ముందు 0 అంకె లేని పాత అంకెలు తేలిక కదా అని ఎవరో చెప్పారు: 145 జంట, 134 సున్నా, 155 గీత. మొదటి రెండూ వచ్చాయి. 155 కొడితే సెంటు గుర్తు వచ్చింది, అమెరికా వాళ్ళ చిల్లర పైసల గుర్తు. ఏ అంకెకి ఏ అక్షరమో చెప్పే పాత అమెరికన్ పట్టికలో గీతకి చోటే ఇవ్వలేదట, యూరప్ పట్టికలో మాత్రమే అది 155.

తర్వాత నోట్‌ప్యాడ్‌లో ఆరు అక్షరాలూ పెట్టుకుని కాపీ, పేస్టు చేసుకుంటూ మూడు వారాలు గడిపాను. గొర్రెమాంసం, క్యాబేజీ కలిపి వండే కూర ఒకటి ఉంది వీళ్ళకి, దాని పేరులో సున్నాలు రెండు. ఆ పేరు ఒక్కటి రాసేలోపు కూర ఉడికిపోతుంది. మాక్ ఉన్న మా ఫ్లాట్ అమ్మాయి ఆప్షన్ నొక్కి ఎ అంటే సున్నా, ఓ అంటే గీత, కొటేషన్ అంటే జంట, టకటకా కొట్టేసేది. కుళ్ళు పుట్టిందంటే పుట్టింది.

యూఎస్ ఇంటర్నేషనల్ లేఅవుట్ కూడా పెట్టి చూశా. కుడి ఆల్ట్‌తో డబ్ల్యూ కొడితే సున్నా, జెడ్ జంట, ఎల్ గీత. బాగానే ఉందనిపించింది, కోడు రాయడం మొదలుపెట్టేదాకా. అందులో సింగిల్ కోట్ కొడితే వెంటనే పడదు, తర్వాతి అక్షరం కోసం కాచుకు కూర్చుంటుంది. కోట్ల మధ్య ఎ అని కొట్టబోతే ఎ నెత్తిన ఒక కొమ్ము మొలుస్తుంది. రెండు రోజులకి తీసేశాను.

ఈ గోలంతా నాన్నతో చెప్పుకున్నా. నాన్న ఒంగోల్లో ఇరవై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. లోయర్, హయ్యర్ పరీక్షలకి కూర్చోబెట్టిన పిల్లలకి లెక్కలేదు. కంప్యూటర్లొచ్చి అది మూతపడింది గానీ, ఆయన వేళ్ళకి ఆ సంగతి ఇంకా తెలియదు, మాట్లాడుతూ టేబుల్ మీద కొడుతూనే ఉంటాడు.

"వాళ్ళ కీబోర్డులో గీత యాడుంటదిరా?" అన్నాడు.

"మన సెమీకోలన్ చోట, నాన్నా."

"దాని పక్కన?"

"జంట. సున్నా పైన, పి పక్కన."

కాసేపు మాట లేదు. తర్వాత, "మూడూ కుడి చిటికెన వేలివేగా! దీనికింత రాద్ధాంతమా? మీటలు చూడటం మానెయ్. లేఅవుట్ మార్చుకో, మొదటి పాఠం కొట్టు."

మొదటి పాఠం అంటే టైపు నేర్చుకున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె. చిన్నప్పుడు సెలవుల్లో రెమింగ్టన్ మీద ఆ వరుస పేజీలు పేజీలు కొట్టించాడు నా చేత. ఇప్పుడు నార్వే లేఅవుట్ పెట్టుకుని అదే కొట్టా. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, గీత ఎల్ కె జె హెచ్ జె. చిటికెన వేలు వచ్చి కూర్చునే చోటే గీత ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ వేలు అక్కడే ఉంది, నాకే తెలియలేదు. రోజుకో పావుగంట, పది రోజులు పట్టింది. మొదటి వారం భయానికి మూడు మీటల మీద తెల్ల టేపు ముక్కలు అతికించి పెన్నుతో రాసుకున్నా, అవి ఊడిపోయాక మళ్ళీ పెట్టలేదు.

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. లేఅవుట్ మార్చిన మర్నాడే పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పయి అకౌంటు లాక్ అయింది. అందులో ఎట్ గుర్తుంది. నార్వే లేఅవుట్‌లో షిఫ్ట్ 2 కొడితే డబుల్ కోట్ పడుతుంది, ఎట్ కావాలంటే కుడి ఆల్ట్‌తో 2. చుక్కలు తప్ప ఏమీ కనపడని చోట ఇదెలా తెలుస్తుంది? అసలు పెద్ద చిక్కు ఇంకోటి. నార్వే కీబోర్డుల్లో ఎడమ షిఫ్ట్‌కీ జెడ్‌కీ మధ్య ఒక మీట ఎక్కువ ఉంటుంది, గ్రేటర్ దాన్, లెస్ దాన్ గుర్తులు దాని మీదే. నా లాప్‌టాప్‌లో ఆ మీటే లేదు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ప్రతి ట్యాగూ ఆ రెండు గుర్తుల మధ్యే రాయాలి. అంటే ఒక్క ట్యాగు కూడా రాయలేను! అందుకే కోడుకి అమెరికన్, మెయిళ్ళకి నార్వే, అమ్మకి తెలుగు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కుతూ మూడిట్లో తిరుగుతుంటా. (సెకండ్ హ్యాండ్‌లో ఒక నోర్డిక్ కీబోర్డు చూశాను గానీ కొనలేదు. ఒక్కో మీట మీద మూడు దేశాల అక్షరాలున్నాయి. డెన్మార్క్ వాళ్ళకి జంట, గీత తారుమారట. నా చిటికెన వేలు అంత భారం మోయదు.)

తిరగడం మరిచిపోతే ఏమవుతుందో పోయిన గురువారం తెలిసింది. జావా ఫైల్లో నాలుగు వరుసలు కొట్టేశా, చూస్తే ప్రతి వరుస చివరా సెమీకోలన్ బదులు గీత. కోడుని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ లబోదిబోమంది. పక్క సీటాయన వచ్చే ఏడాది రిటైరవుతాడు. తొంగి చూసి, "మా రోజుల్లో కోడంతా ఇలాగే ఉండేది" అన్నాడు. వేళాకోళం అనుకున్నా. కాదట. అప్పట్లో ఏడు బిట్ల పట్టికలో మొత్తం 128 గదులే. నార్వే అక్షరాలకి చోటు కావాలంటే ఎవరినో ఖాళీ చేయించాలి, బ్రాకెట్లని చేయించారు. పూలబ్రాకెట్ తెరిచే చోట జంట, మూసే చోట సున్నా, మధ్యలో నిలువు గీత ఉండే గదిలో మన గీత. పూలబ్రాకెట్లతో తెరుచుకుని మూసుకోవాల్సిన సీ భాష ప్రోగ్రాం తెర మీద జంటతో తెరుచుకుని సున్నాతో మూసుకునేదట. కాగితం మీద రెండు వరుసలు రాసి చూపించాడు, ఆయనకి ఇంకా అలవాటుగానే ఉన్నట్టుంది.

ఆ కాగితం ఫోటో తీసి నాన్నకి పంపి, కథంతా వాయిస్ మెసేజ్ పెట్టా. గంట తర్వాత జవాబొచ్చింది.

"బాగుంది. అడిగి చెప్పు, ఆయన ఏ వేలితో కొట్టేవాడంట?"