ప్రశ్నలు సాగుతుండగానే కదిలిన అంబులెన్స్

పక్కింటి పెద్దాయన స్పృహ తప్పి పడిపోయినప్పుడు అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే, అవతలివారు మొదట అడిగింది ఆయన పరిస్థితి కాదు, మేమున్న చోటు. లైన్ తెగిపోయినా చిరునామా ఉంటే మనుషులను పంపగలరు. మొబైల్ టవర్ ఆధారంగా తెలిసే స్థానం ఒక్కోసారి వందల మీటర్లు తప్పవచ్చు. ఆ తరువాత ఊపిరి ఆడుతోందా, పిలిస్తే పలుకుతున్నారా అంటూ ప్రశ్నలు వరుసగా వస్తుంటే, ఇంతసేపు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి పెద్ద కేంద్రాలలో ఫోన్ ఎత్తేవారు వేరు, వాహనాన్ని పంపేవారు వేరు. మొదటివారు నమోదు చేస్తున్న వివరాలు రెండవవారి తెరపై వెంటనే కనిపిస్తాయి కనుక, మనం జవాబులు చెబుతుండగానే దగ్గరలో ఖాళీగా ఉన్న అంబులెన్స్ బయలుదేరుతుంది. మెట్లు ఎలా ఉన్నాయని కూడా అడిగారు; బాగా ఇరుకని నేను చెప్పగానే, ఆయనను కిందికి మోయడానికి అగ్నిమాపక సిబ్బందిని కూడా పంపారు. అనవసరమనిపించిన ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చింది.