తర్వాతి ముక్కలో మిగిలిపోయిన "అయితే"

ఒప్పందాన్ని 30 రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చని, పత్రాల్లో వెతికి జవాబిచ్చేలా నేను తయారుచేసిన ఏఐ ఏజెంట్ ఎంతో ధీమాగా చెప్పింది. పేజీ సంఖ్య కూడా చూపించడంతో నేను దాదాపు నమ్మేశాను.

ఎందుకో అనుమానం వచ్చి అసలు పీడీఎఫ్ తెరిస్తే, ఆ వాక్యం పేజీ అడుగున ముగిసి, తర్వాతి పేజీ "అయితే, మొదటి ఏడాదిలో ఈ గడువు 90 రోజులు" అంటూ మొదలైంది. ఇండెక్స్ చేసేటప్పుడు, అంటే వెతకడానికి వీలుగా సిద్ధం చేసేటప్పుడు, పత్రాన్ని ముక్కలు చేసిన కత్తెర సరిగ్గా ఆ "అయితే"కు ముందే పడింది. రెండో ముక్కలో రద్దు ప్రస్తావనే లేదు కనుక అది వెతుకులాటకు చిక్కలేదు. ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్‌ను తిట్టుకుందామనుకున్నాను గానీ, దాని కంటికి నేను చూపించింది అంతే.

అందుకని వెతికే టూల్‌తో పాటు, పత్రం గుర్తింపు సంఖ్య, పేజీ సంఖ్య ఇస్తే ఆ పేజీనీ దాని ముందు వెనుక పేజీలనూ యథాతథంగా తెచ్చిపెట్టే మరో టూల్‌ను జోడించాను. సాయంత్రం అదే ప్రశ్న అడిగితే 90 రోజుల సంగతి తనంతట తానే చెప్పింది.

స్కాన్ చేసిన అనుబంధం దగ్గర మాత్రం మళ్లీ తడబడింది. ఆ పేజీల్లో ఉన్నవి అక్షరాల బొమ్మలే కాబట్టి, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చడం) చేయనిదే టూల్‌కు ఖాళీయే దక్కుతుంది. ఆ ఖాళీని చూసి "అనుబంధంలో ఏమీ లేదు" అని రాసేసింది. ఏమీ లేదనడం వేరు, చదవలేకపోయాననడం వేరు. ఆ తేడా టూల్ పంపే జవాబులోనే కనిపించేలా రేపు మార్చాలి.