ఉప్పు కనపడని ఉప్పు ప్రయోగం

ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా, ఉప్పు మీద పని చేస్తున్నానంటే నవ్వేస్తారు. దానికోసం దేశం దాటాలా అని. అసలు ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు పంపి ఏ పదార్థం ఉందో పట్టే మా ఎఫ్‌టీఐఆర్ పరికరానికి ఉప్పు కనపడనే కనపడదని వాళ్ళకి ఇంకా చెప్పలేదు!

సోడియం క్లోరైడ్ ఆ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను దాదాపు పీల్చుకోదు. మేం చూసేది అది పట్టుకున్న నీటిని. ఉప్పునీటిని అటామైజర్‌తో తుంపరగా కొట్టి, ఆ సన్నటి కణాలను గాజు గొట్టంలోకి పంపి, వాటి గుండా కిరణం వేస్తాం. 3400, 1640 వేవ్‌నంబర్ల (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పే అంకె) దగ్గర నీరు కిరణాన్ని పీల్చుకున్న వెడల్పాటి పట్టీలు కనిపిస్తే అవి బిందువులు. పట్టీలు పోతే ఎండిన స్ఫటికాలు.

గది ఉష్ణోగ్రతలో గాలి తేమ సుమారు 75 శాతానికి చేరితే పొడి కణం నీటిని లాక్కుని కరిగిపోతుంది. తిరిగి ఆరబెడుతూ వస్తే మాత్రం 75 దగ్గర స్ఫటికం కాదు, 45 దరిదాపుల దాకా ద్రవంగానే మొండికేస్తుంది. స్ఫటికానికి తొలి బీజం పడటం అంత కష్టం. అందుకే 60 శాతం తేమలో కణం ఏ రూపంలో ఉందో చెప్పాలంటే అంతకుముందు అది తడిగా ఉందో పొడిగా ఉందో తెలియాలి. సముద్రం మీది గాలిలో తేలే ఉప్పు కణాలకీ ఇదే లెక్క: ఉబ్బిన బిందువు సూర్యకాంతిని ఎక్కువ చెదరగొడుతుంది.

చెప్పినంత సులువుగా డేటా రాదు. పొద్దున్నే డిటెక్టర్‌లో ద్రవ నైట్రోజన్ పోయాలి. కొత్తగా చేరినవాళ్ళకి ముందు దక్కేది ఈ పనే. పరికరం మూత తీస్తే మన ఊపిరి కూడా 2349 దగ్గర కార్బన్ డయాక్సైడ్‌గా నమోదవుతుంది. గొట్టంలోని నీటి ఆవిరి గీతలు సరిగ్గా 1640 పట్టీ మీదే వచ్చి కూర్చుంటాయి. తేమ లేకుండా ప్రయోగమే లేదు కనుక వాటిని లెక్కలో తీసేయాల్సిందే. నా సాయంత్రాలన్నీ ఆ తీసివేతలకే.

నా ముందు పనిచేసిన విద్యార్థి లాగ్‌బుక్ ఇక్కడి భాషలో ఉంది. ఫ్లో రేటు, తేమ అంకెలు చూసి నెట్టుకొచ్చాను. అంచుల్లో పెన్సిల్‌తో రాసిన గొణుగుళ్ళు మాత్రం వర్క్‌షాప్ టెక్నీషియన్ చదివి పెట్టాడు. చాలావరకు డ్రయ్యర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ ఎవరూ మార్చడం లేదన్న తిట్లేనట.

ఇక గొట్టాన్ని సున్నా కిందికి చల్లబరచాలి. అక్కడ ఉప్పు రెండు నీటి అణువులతో కలిసిన హైడ్రోహాలైట్ అనే స్ఫటికం ఏర్పడవచ్చు. అంటే నీటి పట్టీ ఉన్నంత మాత్రాన బిందువు అనుకోవడానికి లేదు, దాని ఆకారం చూడాలి. స్ఫటికమైతే సన్నగా, పదునుగా ఉంటుంది. చల్లబరిచే యంత్రం, చిల్లర్, వచ్చేసింది. నా కాంట్రాక్ట్ పొడిగింపు కాగితమే ఇంకా రావాలి.